మునుగుమిట్ట మీద బోణీ ఫొటోలు

మొన్న మా అమ్మాయి కూతురు బడి నుంచి వచ్చి, భుజాన ఉన్న సంచి దించకుండానే నా ముందర నిలబడి, "తాతా, మా టీచరు నీ ఫొటోలు వద్దన్నది" అని చెప్పింది. మన సముద్రంలో బతికే జీవుల మీద ఏదో ప్రాజెక్టు ఇచ్చారట. పిల్లలందరూ పీతలనూ తాబేళ్ళనూ అంటించుకుని పోతే, నా మనవరాలు నా రేకుపెట్టెలో నుంచి రంగురంగుల నత్తల ఫొటోలు తీసుకుని దర్జాగా పోయింది. టీచరమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, కంప్యూటరు చేత వేయించిన బొమ్మలు పెట్టకూడదమ్మా, నిజమైనవి తీసుకురా అన్నదట. ఎక్కడో పరదేశం నుంచి తెచ్చి మన చెరువుల్లో పెంచుతున్న రొయ్యను మాత్రం మన సముద్రపు జీవి అని మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. అయినా ఆ టీచరమ్మను తప్పు పట్టి ఏం లాభం, ఈ రోజుల్లో ఫోను తెరిస్తే ఏనుగు సైకిలు తొక్కుతోంది, పులి కాఫీ తాగుతోంది, ఎవరు మాత్రం దేన్ని నమ్ముతారు! కానీ పిల్ల అంతటితో వదల్లేదు. నువ్వు కాకుండా ఇంకెవరన్నా వాటిని కళ్ళారా చూసినారా, చూసి ఉంటే వాళ్ళ చేత ఒక మాట చెప్పించమన్నది టీచరు, అని అడిగింది. చూసినవాళ్ళు లేకేం, ఉన్నారు. నేను కాక లోకంలో ఇంకొక్కరు ఉన్నారు. ఆ ఒక్కరి దగ్గర ఈ మాట నేను ఇన్నేళ్ళుగా ఎత్తలేదు.

మాది నెల్లూరులో ఫొటో స్టూడియో. మేము ఇంట్లో తెలుగే మాట్లాడే సాయిబులం. మా తాత గాజుల మలారం భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగితే, మా నాయన ఆ మలారం దించి కెమెరా పట్టుకున్నాడు. ఫొటో దిగడమంటే ఎంత తతంగమో మన వయసు వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. తలకు నూనె పెట్టి నున్నగా దువ్వుకుని, స్టూడియో వాళ్ళ కోటు తొడుక్కుని, వెనక తెర మీద తాజమహలో కాశ్మీరమో చూసుకుని, ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం కదా. మా నాయన వ్యాపారం మారింది గానీ గాజులమ్మిన ఇంటి బుద్ధి మారలేదు. పొద్దున్నే బోణీ కాందే ఆయనకు ఏ పనీ సాగేది కాదు. ఫొటోలకు బోణీ ఏమిటని మీరు అడగవచ్చు. లైటు ఎట్లా పడుతోందో తెలియకుండా కొట్టే తొలి ఫ్రేములో మనిషి ముఖం నల్లగా వచ్చినా, వెలుతురు ఎక్కువై తెల్లగా వచ్చినా ఆ మనిషికి మంచిది కాదని ఆయన నమ్మకం. అందుకని రోజూ మొదటి ఫొటో ఒక ఖాళీ కుర్చీకి తీసేవాడు. పెళ్ళికి పోతే ఖాళీ పీటలకు, నిఖాకు పోతే ఎవరూ కూర్చోని చాపకు. దాన్నే బోణీ ఫొటో అనేవాడు. మా స్టూడియోలో కెమెరా పట్టిన ప్రతివాడికీ ఆ అలవాటు అబ్బింది. నేనైతే ఇప్పటికీ ఫోనుతో తీసినా ముందు ఖాళీ గోడకు ఒకటి కొట్టందే చేయి ముందుకు రాదు, మా ఆవిడ నవ్వినా సరే.

మా అక్కను వెంకటాచలంలో ఇచ్చారు. మా బావ ఓడల అడుగున పనిచేసే డైవరు. విశాఖలో ఆ విద్య నేర్చుకుని, కృష్ణపట్నంలో రేవు పనులు ఊపందుకున్న కాలానికి ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాడు. మనిషి ఆరడుగుల పొడవు, నవ్వితే వీధి చివరికి వినపడేది. నాకంటే పెద్దవాడైనా నన్ను ఏనాడూ చిన్నచూపు చూడలేదు. మా నాయన పోయినప్పుడు మా అక్కకంటే ముందు ఆయనే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మగవాళ్ళకు పెద్దయ్యాక కొత్త స్నేహాలు కలవవంటారు గానీ నాకు నడివయసులో కలిసిన స్నేహితుడు మా బావే. ఇది ముందే చెప్పుకోవాలి, లేకపోతే తరువాత జరిగినదానికి నేను ఎందుకంత కుంగిపోయానో మీకు అర్థం కాదు.

డిజిటల్ కెమెరాలు వచ్చిన కొత్తల్లో, రేవులో నీటి కింద స్తంభాలకు ఫొటోలు కావలసి వచ్చాయి. డైవర్లు తీసుకొచ్చినవన్నీ పొగమంచులో కొట్టినట్టు వచ్చేవి. మా బావ ఒక ఆదివారం బిర్యానీ తింటూ తింటూ, "డైవర్‌కి ఫొటో నేర్పేదానికంటే, ఫొటో వోడికి మునగటం నేర్పేది మేలు గదరా" అన్నాడు. నేను తమాషాకేమో అనుకున్నాను. ఆయన ఆ వారమే నన్ను వెంకటాచలం దగ్గర ఒక రైతు పొలంలోని పెద్ద దిగుడు బావికి తీసుకుపోయి, వీపుకు గాలి సిలిండరు కట్టి, నడుముకు సీసపు బిళ్ళల పటకా బిగించి, నోట్లో గొట్టం పెట్టి లోపలికి దించాడు. నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు గట్టు మీదికొచ్చి, ఈ సాయిబుకు ఏ జబ్బు చేసిందో పాపం అని చూస్తూ నిలబడ్డారు. నలభై దాటిన మనిషిని, నాకు చచ్చేంత సిగ్గేసింది. కానీ నీటి కింద నా చేయి ఆయన చేతిలోనే ఉంది. ఒకసారి భయపడి గొట్టం వదిలేసి నీళ్ళు మింగేస్తుంటే, ఆయన తన నోట్లోది తీసి నా నోట్లో పెట్టి, నేను కుదుటపడే దాకా తాను ఊపిరి బిగబట్టి నా కళ్ళలోకి చూస్తూ ఉండిపోయాడు. అట్లాంటి మనిషిని జన్మలో అనుమానిస్తామా? మీరే చెప్పండి.

రేవు పనులు సరే, అవి కూలికి చేసినవి. మాకు సెలవు దొరికితే మాత్రం దక్షిణంగా పోయేవాళ్ళం. చిట్టమూరు దాటి ఇంకా తీరం వైపు పోతే చేపలు పట్టే పల్లెకారుల ఊరు ఒకటి ఉండేది. అక్కడి పడవ ఆసామిని మేమిద్దరం మామా అనే పిలిచేవాళ్ళం. ఆ మామ పడవలో ఎండ ఎక్కే వేళకు లోపలికి పోతే, నీటి అడుగున రాళ్ళ గుట్ట ఒకటి ఉంది. దాన్ని ఆ ఊరివాళ్ళు మునుగుమిట్ట అంటారు. మన నెల్లూరు సముద్రం సంగతి తెలిసిందే, ఏడాదిలో ఎక్కువ భాగం కలక నీళ్ళు, చేయి చాస్తే వేళ్ళు కనపడవు. వానలు వెనకబట్టి, గాలి ఒదిగిన కొన్ని వారాలు మాత్రం అడుగు దాకా వెలుతురు దిగేది. ఆ కొన్ని వారాల కోసం మేమిద్దరం ఏడాది పొడుగునా ఎదురుచూసేవాళ్ళం. మా ఆవిడా మా అక్కా కలిసి, వీళ్ళకు సముద్రంలో ఇంకో సంసారం ఉందని ఎగతాళి చేసేవాళ్ళు.

మొదటిసారి మిట్ట మీదికి దిగినప్పుడు నాకు నిజంగా ఏమీ కనపడలేదు. అంతా బూడిద రంగు, నల్లటి రాళ్ళు, వాటిని పట్టుకున్న నాచు. ఇంత కష్టపడి వచ్చింది దీనికా అనిపించింది. అప్పుడు మా బావ నా మోచేయి పట్టి ఆపి, ఒక రాతి మీద నల్లటి మరక లాంటిదాన్ని వేలితో చూపించి, తన టార్చిలైటు దాని మీద వేశాడు. ఆ మరక ఎర్రగా భగ్గుమంది. నేను ముఖం దాని దగ్గరికి తీసుకుపోయాను. చిటికెన వేలంత నత్త, వీపు మీద గుల్ల లేదు, ఒళ్ళంతా పెళ్ళికూతురి చీర లాంటి ఎరుపు, అంచున తెల్లటి జరీ, తల మీద రెండు కొమ్ములు, తోక వైపు విచ్చుకున్న పువ్వు. ఆ పువ్వుతోనే అది ఊపిరి పీలుస్తుందట. పైకొచ్చాక పడవలో మా బావ విడమరచి చెప్పాడు. లోతుకు పోయేకొద్దీ నీళ్ళు ముందుగా ఎరుపును మింగేస్తాయి, అందుకని కింద ఎర్రటిదంతా నల్లగా కనపడుతుంది, మనం దీపం తీసుకుపోతే దాని రంగు దానికి తిరిగొస్తుంది. "రంగు యాడికీ పోదురా, ఆడనే ఉంటాది. మనం లైటు ఏసి చూడాల, అంతే" అన్నాడు. స్టూడియోలో పుట్టి పెరిగిన నాకు వెలుతురు గురించి అంత మంచి మాట ఎవరూ చెప్పలేదు.

ఆ తరువాత నాకు అదే పిచ్చి పట్టుకుంది. ఒక్కో రాతి మీదా ఒక్కో రకం. పసుపు మీద నల్ల చుక్కలది ఒకటి, నీలం గీతలది ఒకటి, పాల రంగుకు గోరింటాకు అంచున్నది ఒకటి. వాటి శాస్త్రం పేర్లు నాకేం తెలుసు, మా ఇంటి విద్య గాజులూ చీరలూ కాబట్టి వాటికి ఆ పేర్లే పెట్టుకున్నాను. కంచిపట్టు, గోరింట, ముత్యాల గాజు. నత్త దగ్గర ఉన్న గొప్ప గుణం ఏమిటంటే, పెళ్ళివారిలా తొందరపెట్టదు. అర అంగుళం జరగడానికి అది తీసుకునే వ్యవధిలో ఫొటోగ్రాఫరు ఎన్ని తప్పులైనా చేసి దిద్దుకోవచ్చు. మోకాళ్ళ కింద ఇసుక లేవకుండా, ఊపిరి నెమ్మదిగా వదులుతూ, దాని ముఖానికి ఎదురుగా పడుకుని ఫొటో తీసిన ఆ క్షణాల కంటే సుఖమైనవి నా జీవితంలో ఎక్కువ లేవు. పిల్లల పెళ్ళిళ్ళు తప్ప, అది కూడా మా ఆవిడ చదువుతుందని రాస్తున్నాను.

నీటి కింద కూడా నా బోణీ అలవాటు పోలేదు. దిగిన ప్రతిసారీ ముందుగా మిట్ట పక్కన ఉన్న ఖాళీ బురద నేలకు ఒక ఫొటో తీసి, ఫ్లాషు ఎట్లా పడుతోందో చూసుకుని, అప్పుడు రాళ్ళ వైపు తిరిగేవాణ్ణి. మా బావకు ఇది పెద్ద వేడుక. నీళ్ళలో మాట్లాడలేం కదా, అందుకని దానికొక సైగ కనిపెట్టాడు. అరచేయి చాచి, తొలి బేరం డబ్బు అందుకున్నట్టు వేళ్ళు ముడిచి, కళ్ళకు అద్దుకునేవాడు. బోణీ అయిందా అని అర్థం. నేను తల ఊపేవాణ్ణి. మాస్కు వెనక ఆయన కళ్ళు నవ్వడం కనపడేది. పైకొచ్చాక నా కార్డులోని ఫొటోలన్నీ ఆయన ఆఫీసు కంప్యూటరులో వేసుకునేవాళ్ళం, అక్కడ పెద్ద తెర ఉండేదని. బోణీలు, నత్తలు, చెడిపోయినవి, అన్నీ కలిపి ఏళ్ళ తరబడి అక్కడే చేరాయి. నేను స్టూడియోకు తెచ్చుకున్నవి బాగా వచ్చిన నత్తలు కొన్నే. నా ఫొటోలు ఆయన దగ్గరుంటే నా దగ్గరున్నట్టే అనుకున్నాను.

ఇంతలో ఆ తీరాన ఒక కంపెనీ కొత్తగా ఓడలరేవు కట్టాలని వచ్చింది. దాని పేరు రాయను, తరువాత అది చేతులు మారి ఇప్పుడు ఆ పేరుతో లేదు కూడా. ఓడలు రావడానికి కాలవ లోతుగా తవ్వాలి, తవ్విన బురదను ఎక్కడో పోయాలి. మునుగుమిట్ట దగ్గర పోస్తే వాళ్ళకు దగ్గర, ఇంకెక్కడికో మోసుకుపోనక్కర్లేదు. అక్కడ బతికే ప్రాణులు ఉన్నాయని తేలితే మాత్రం కుదరదు, సముద్రంలో చాలా లోపలికి పోయి పోయాలి. అడుగున ఏముందో చూసి చెప్పే పని మా బావ కాంట్రాక్టరుకు వచ్చింది. ఆ మాట విని నేను ఎంత సంతోషించానో! మిట్టను మా బావ కంటే బాగా ఎరిగినవాడు ఎవడు? ఇంక దానికేం భయం లేదని పడవ మామకు కూడా ధైర్యం చెప్పాను. ఆ మిట్ట చుట్టూనే ఆ ఊరి వలలకు చేపలు, అది పోతే తమకు కూడు పోతుందని ఆయన దిగులు.

జనం అభిప్రాయం అడిగే సభ ఆ తీరం ఊళ్ళలోనే షామియానా వేసి పెట్టారు. మా బావ ఫోను చేసి, "నీ ఫొటోలు తెర మీద ఏస్తన్నార్రా, మంచి చొక్కా ఏసుకోని రా" అన్నాడు. నేను అమ్మాయి పెళ్ళికి కుట్టించిన చొక్కా వేసుకుని, అత్తరు పూసుకుని, సభ జరిపే అధికారికి ఇద్దామని మంచి నత్తల ఫొటోలు కొన్ని పెద్దవిగా కడిగించి కవరులో పెట్టుకుని మరీ పోయాను. రెండో వరసలో కూర్చోబెట్టారు. ఊరి వాళ్ళంతా వెనక ఉన్నారు. మా బావ మైకు పట్టుకుని, మునుగుమిట్ట అడుగు పరిస్థితి ఇదీ అని మొదలుపెట్టాడు. తెర మీద మొదటి ఫొటో పడింది. బూడిద రంగు బురద. నా బోణీ. సరే, క్రమంలో చూపిస్తున్నాడు కాబోలు అనుకున్నాను. రెండోదీ బురదే. మూడోదీ, నాలుగోదీ బురదే. ఏళ్ళ తరబడి నేను తీసిన బోణీలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, ఒక్క రాయి లేదు, ఒక్క నత్త లేదు. ప్రాణమనేది ఇక్కడ లేదు సార్, ఉత్త బురద, అని మా బావ గొంతు వినపడింది.

అధికారి, ఇవి ఎవరు తీశారు అని అడిగాడు. మా బావ నా వైపు చేయి చాపి, "ఎవురో కాదు సార్, మా బావమరిదే. ఈడనే ఉండాడు, మీరే అడగండి" అన్నాడు. నన్ను లేపి మైకు ఇచ్చారు. ఇవి మీరు తీసినవేనా, ఆ చోట తీసినవేనా అన్నారు. ఏం చెప్పను? నేనే తీశాను, అక్కడే తీశాను, అది నిజం. అవునన్నాను. అనేసిన తరువాత గానీ నన్ను ఎందుకు పిలిపించారో, మంచి చొక్కా ఎందుకు వేసుకోమన్నారో నాకు బోధపడలేదు. అప్పుడు తడబడుతూ, ఇవి బోణీ ఫొటోలు సార్, ముందుగా ఖాళీ చోటుకు తీసేవి, అసలువి వేరే ఉన్నాయి అని చెప్పబోయాను. బోణీ ఫొటో అంటే ఏమిటో ఆ అధికారికి ఎట్లా తెలుస్తుంది? ఎక్కడైనా బేరగాడు రాకముందే బోణీ అవుతుందా అని ఎవరో వెనక నుంచి అన్నారు, నవ్వులు లేచాయి. నేను కవరు విప్పి నత్తల ఫొటోలు ఆయన చేతికిచ్చాను. ఆయన నిదానంగానే చూశాడు, ముచ్చటపడ్డాడు కూడా. చూసి, నిపుణుడు కదా అని మా బావ చేతికిచ్చి, ఇవీ అక్కడివేనా అని అడిగాడు.

మా బావ పైనున్న ఫొటో చేతిలోకి తీసుకున్నాడు. అది కంచిపట్టు. నేను ఆయన కళ్ళలోకే చూస్తున్నాను. ఇప్పుడు చెబుతాడు, ఇంతవరకు పై వాళ్ళ ఒత్తిడి వల్ల ఏదో చేశాడు గానీ, నా ఎదుట, ఆ ఫొటో చేత్తో పట్టుకుని, లేదని మాత్రం అనలేడు అనుకున్నాను. ఆయన నవ్వి, నా భుజం మీద చేయి వేసి, మైకులో అన్నాడు. "సార్, నీళ్ళ అడుగున ఎరుపు కనపడదు. ఏ డైవర్‌నన్నా అడగండి. ఇంత ఎరుపు యాడిది? మా వోడు స్టూడియో ఆయన సార్. పెండ్లికొడుకును కాశ్మీరంలో నిలబెడతాడు, నత్తకు రంగు ఎయ్యటం ఎంత పని!"

షామియానా అంతా నవ్వింది. నా బాధ నన్ను ఎగతాళి చేసినందుకు కాదు, స్టూడియో వాళ్ళను చూసి జనం నవ్వుతూనే ఉంటారు, అది మాకు అలవాటే. ఆయన అన్నదాంట్లో పైకి అబద్ధం లేదు. ఎరుపు కనపడదన్న మాట నిజమే. దీపం వేస్తే కనపడుతుందన్న మిగతా సగం చెప్పలేదు, అంతే. నాకు నేర్పిన పాఠాన్నే సగానికి విరిచి నా మీద వాడాడు. ఆ చేయి ఇంకా నా భుజం మీదే ఉంది. ఏదో అరిచాను, ఏమన్నానో నాకే గుర్తులేదు, మైకు ఎవరో తీసుకున్నారు. పడవ మామ లేచి చేపల సంగతి చెప్పాడు గానీ, చేపలకు కాళ్ళు లేకపోయినా తోకలున్నాయి కదా, పక్కకు పోతాయిలే అన్నారు. సభ అయ్యాక మామ నా దగ్గరకొచ్చి నా అత్తరు చొక్కాను ఎగాదిగా చూసి, "ఏంది సాయిబూ, నువ్వే దిగి నువ్వే తీసి నువ్వే ఏమీ ల్యాదని రుజువు జేస్తివే. మా నోట్లో మన్ను గొడితివి" అన్నాడు. కాదు మామా అని చెప్పే లోపల వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఆ ఊరిలో నేనే ద్రోహిని. మా బావ కంపెనీ మనిషి, ఆయన అట్లాగే చెబుతాడని వాళ్ళు ముందే అనుకున్నారు. నమ్మించి గొంతు కోసినవాడు వాళ్ళ దృష్టిలో నేనయ్యాను.

తిరుగు ప్రయాణానికి కంపెనీ జీపు ఎక్కమన్నారు. ఎక్కలేదు. మా బావ జీపు దిగి వచ్చి, చిన్నపిల్లవాణ్ణి బుజ్జగించినట్టు, "నత్తలు గదరా! పురుగులు! వాటి కోసరం మనం మనం చెడాలనా?" అన్నాడు. చిట్టమూరు మీదుగా పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ వయసులో, పక్కన జనం ఉన్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చాను. వారం తరువాత మా అక్క వచ్చి, ఆయన ఉద్యోగం పర్మినెంటు చేస్తామన్నారనీ, లేకపోతే తీసేస్తామన్నారనీ చెప్పింది. "ఇల్లు నిలబడాల గదా తమ్ముడా, నాకోసరం గమ్మునుండు" అని నా చేతులు పట్టుకుంది. అక్క ముఖం చూసి నేను గమ్మునున్నాను. అదే ముందుగా వచ్చి, ఒరే నాకు ఇట్లాంటి ఇరకాటం వచ్చింది, ఏం చేద్దాం అని మా బావ నన్ను అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకు తెలియదు. అడగలేదు. నన్ను అడగనక్కర్లేదనుకోవడమే నాకు తగిలిన అసలు దెబ్బ.

బురద పోశారు. ఏడాది తిరక్కుండానే రేవు పని ఏవో తగాదాల్లో ఆగిపోయింది, అది వేరే కథ, ఓడ ఒక్కటీ రాలేదు. ఆ తరువాత ఒక నీళ్ళు తేరిన కాలంలో కొత్తగా వచ్చిన ఒక డైవరును బతిమాలి, వేరే ఊరి పడవలో పోయి ఒక్కసారి దిగాను. మిట్ట ఉన్నచోట మిట్ట లేదు. చేతి కింద మెత్తటి బురద, టార్చి వేస్తే బూడిద రంగు, ఎంత దూరం ఈదినా అదే. సభలో తెర మీద చూపించిన ఫొటోలు ఆ రోజు అబద్ధం, ఇప్పుడు అవి నిజమైపోయాయి. కెమెరా మెడలో ఉంది గానీ మూత తీయలేదు. మళ్ళీ సముద్రంలోకి దిగలేదు.

మా బావతో మాటలు పూర్తిగా తెగలేదు. అక్క ఉండగా ఎట్లా తెగుతాయి? రంజాన్‌కు వాళ్ళింటికి పోతాం, వాళ్ళు వస్తారు, నా పళ్ళెంలో ఆయన మంచి ముక్కలు ఏరి వేస్తాడు, నేను తింటాను. మిట్ట మాట ఇద్దరమూ ఎత్తలేదు. నలుగురిలో ఒప్పుకోకపోయినా ఏదో ఒకనాడు, మేమిద్దరమే ఉన్నప్పుడు, అవి ఉన్నాయిరా, నేనూ చూశానులే అంటాడని నేను ఇన్నేళ్ళూ ఎదురుచూశానంటే మీరు నవ్వుతారేమో. నాకు క్షమాపణ అక్కర్లేదు. ఆ ఒక్క మాట చాలు.

మొన్న మనవరాలు అడిగిన మరునాడు వెంకటాచలం పోయాను. మా బావ వసారాలో కుర్చీ వేసుకుని ఎండకు కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ఆరడుగుల మనిషి బాగా వంగిపోయాడు. అక్క టీ ఇచ్చి లోపలికి పోయింది. అవీ ఇవీ మాట్లాడి, చివరికి, "బావా, మునుగుమిట్ట మీద మనం చూసిన నత్తలు... చిన్న పిల్ల అడగతా ఉండాది, వాళ్ళ టీచరుకు ఫోనులో ఒక్క మాట చెప్తావా?" అన్నాను. ఆయన నా వైపు చూసి, "ఏ మిట్టరా?" అన్నాడు. నేను కవరులో నుంచి కంచిపట్టు ఫొటో తీసి చేతిలో పెట్టాను. దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని, ఎండ పడేటట్టు వంచి చాలాసేపు చూశాడు. ముఖం విప్పారింది. "శానా బాగుండాది. ఎవురేసినార్రా ఈ బొమ్మ?" అన్నాడు.

అక్క కొంతకాలంగా ఆయన మతిమరుపు గురించి చెబుతూనే ఉంది, మందులు వాడుతున్నారు. అయినా రూపాయి బాకీ ఎవరివ్వాలో, పెళ్ళికి ఎవరు పిలవలేదో ఆయనకు బాగానే గుర్తుంటుందని కూడా ఆమే చెబుతుంది. అందుచేత ఇది నిజంగా మరుపో, అలవాటైన నటనో నేను తేల్చుకోలేకపోయాను. మన కాలంలో ఒక ఫొటో చూపితే చాలు, ఊరూ పేరూ అడగకుండా నమ్మేవాళ్ళు. తప్పిపోయిన మనిషిని ఫొటో పట్టుకుని వెతికాం, చూడని పెళ్ళికొడుకును ఫొటో చూసి ఒప్పుకున్నాం. ఇప్పుడు ఫొటోకు మనిషి సాక్ష్యం కావలసి వస్తోంది, ఆ మనిషి చూస్తే ఇట్లా. బస్సులో ఇంటికొస్తూ ఆయన అబద్ధమే ఆడుతున్నాడని, నన్ను రెండోసారి మోసం చేస్తున్నాడని గట్టిగా నమ్మడానికి ప్రయత్నించాను. ఆయన అబద్ధమాడుతుంటే ఆ నత్తలు ఇంకా ఒక మనిషి కళ్ళలో ఉన్నట్టే. నిజంగానే మరిచిపోయి ఉంటే, ఆ ఎరుపును చూసినవాణ్ణి లోకంలో ఇంక నేనొక్కణ్ణే.